అంతఃపురమును తెరకెక్కించినవారు

ఎనిమిదవ ప్రకరణము: విండ్సరు రాజగృహము

1935వ సంవత్సరము మే నెలలో లండను నగరమందలి గేట్ థియేటరను చిన్న నాటకశాలలో లారెన్సు హౌస్‌మన్ రచించిన ‘విక్టోరియా రెజీనా’ అను నాటకము ప్రదర్శింపబడెను. ద్వారమున టిక్కెట్టు కొని లోనికి పోవు అవకాశము సామాన్యునకు లేదు. ఆ నాటకశాల ఒక సంఘముగా ఏర్పడి, చందా చెల్లించిన సభ్యులకు మాత్రమే ప్రదర్శనములిచ్చుచుండుటచే, అనుమతిపత్రము లేని నాటకమును సైతము అచ్చట ఆడుచుండగా అధికారులు చూచియు చూడనట్లుండెడివారు. ఆ నాటకమున రాజద్రోహము లేదు, అశ్లీలము లేదు; ఒక యువతి రాణి యగుటయు, వలచిన రాకుమారుని పెండ్లాడుటయు, వానిని కోల్పోయి సుదీర్ఘమైన వైధవ్యమును గడుపుటయు మాత్రమే కలవు. విక్టోరియా కన్నుమూసి అప్పటికి 34 సంవత్సరములు గడచినను, ఆమె మనుమడైన అయిదవ జార్జి ఇంకను సింహాసనమున నుండెను. సింహాసనస్థుడైన రాజుయొక్క నాయనమ్మ రంగస్థలముపై ప్రేమవాక్యములు పలుకుట యుచితము కాదని, నాటకములకు అనుమతినిచ్చు అధికారి నిర్ణయించియుండెను. అదే సంవత్సరము డిసెంబరులో ఆ నాటకమే అట్లాంటిక్ మహాసముద్రమున కావల, న్యూయార్కు నగరమున, హెలెన్ హేస్ అను ప్రసిద్ధనటి రాణిగా నటింపగా, బాహాటముగ ప్రదర్శింపబడి జనాదరణ పొందెను. ఆంగ్లేయుల రాణి కాపురమును అమెరికావారు చూడవచ్చును, ఆంగ్లేయులు చూడరాదు.

ఈ నిషేధము నమలుపరచిన అధికారి ఎవరో తెలిసికొన్నచో దీని మర్మము బోధపడును. 1737లో చేయబడి, 1843లో పునర్నిర్మింపబడిన చట్టముల ననుసరించి ఆంగ్లదేశమున ఏ నూతన నాటకమును ప్రదర్శింపవలెనన్నను లార్డ్ ఛాంబర్లేన్ అనుమతి కావలసియుండెను. ఈ లార్డ్ ఛాంబర్లేన్ ప్రజలెన్నుకొనిన మంత్రి కాడు, న్యాయమూర్తి కాడు, రాజగృహమునందలి పెద్దయుద్యోగి. రాజకుటుంబమున జరుగు వివాహములకును, అంత్యక్రియలకును, ఉద్యానవన విందులకును ఏర్పాట్లు చూచువాడు. ఇంటిగుట్టు లంకకు చేటను సామెత మనవారికి తెలిసినదే. ఆ గుట్టును బయటపెట్టవచ్చునా కూడదా యను ప్రశ్నకు సమాధానము చెప్పు అధికారమును ఆ యింటి పరిచారకాగ్రేసరునకే అప్పగించిన విచిత్రవ్యవస్థ ఆంగ్లదేశమున 1968 వరకు, అనగా మానవుడు చంద్రునిపై అడుగిడుటకు ఒక వత్సరము ముందువరకు, చెక్కుచెదరక నిలిచెను. చలనచిత్రములు లార్డ్ ఛాంబర్లేన్ అధీనమున లేవు. వానిని పరీక్షించుటకు 1912లో చిత్రపరిశ్రమవారే ఒక సెన్సారుమండలి నేర్పరచుకొనిరి. అయినను రాజకుటుంబ విషయమున ఆ మండలియు అదే మర్యాదను పాటించుచుండెను.

గత ప్రకరణములయందు ఆసియా ఖండపు రాజాంతఃపురములు తెరకెక్కిన తీరును ముచ్చటించుకొంటిమి. ఆ వంశములలో పెక్కింటికి నేడు సింహాసనము లేదు. ఈ ప్రకరణమున చెప్పబోవు వంశము మాత్రము నేటికిని సింహాసనమున నున్నది. కావున దాని కథను తెరకెక్కించువాడు ఒక వైపున చరిత్రకును, వేరొక వైపున సజీవులైన మనుష్యులకును జవాబుదారియగుచున్నాడు. ఈ తొమ్మిది దశాబ్దములలో ఆ చిత్రముల కథను పరిశీలించినకొలది రెండు సంగతులు స్పష్టమగును. మొదటిది, రాజు మరణమునకును ఆతని కాపురము తెరపై కనబడుటకును నడుమనుండు కాలవ్యవధి క్రమక్రమముగ కుంచించుకొనిపోయి చివరకు అంతరించుట. రెండవది, రాజగృహము ఏ గదిని గట్టిగా మూసివేసెనో ఆ గదిలోనికే నాటకకర్త మొట్టమొదట ప్రవేశించుట.

కాలవ్యవధి విస్తారముగ నున్నప్పుడు ఎవరికిని అభ్యంతరము లేదనుటకు 1933లో వెలువడిన ‘ద ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ నిదర్శనము. హంగేరీ దేశమునుండి వచ్చి లండనులో స్థిరపడిన అలెగ్జాండరు కోర్డా, చనిపోయి 386 సంవత్సరములైన ఎనిమిదవ హెన్రీని తీసికొని, ఆతని యుద్ధములను, పోపుతో కలహమును, మఠముల విధ్వంసమును ఇంచుమించు పూర్తిగా విడిచి, ఆరుగురు భార్యల కథను మాత్రము మిగుల్చుకొనెను. అందును మొదటి భార్యయైన ఆరగాన్ కేథరీన్, మర్యాదస్తురాలగుటచే ఆమె కథ రుచింపదను ఛలోక్తితో చిత్రారంభముననే తొలగింపబడినది. చార్లెస్ లాటన్ రాజుగా నటించి, కోడిమాంసమును చేతులతో చీల్చి నమలుచు ఎముకలను వీపు వెనుకకు విసరివైచిన దృశ్యము లోకమున నెంతగా నాటుకొనెననగా, ట్యూడరు ఆస్థానమున భోజనమర్యాదలు ఎంతో కఠినముగ నుండెనని చరిత్రకారు లెన్నిమారులు వ్రాసినను, నేటికిని హెన్రీయనగా జనులకు ఆ కోడికాలే జ్ఞప్తికి వచ్చుచున్నది. లాటనుకు ఆ పాత్ర ఆస్కారు బహుమానమును తెచ్చెను. బ్రిటిషు చలనచిత్రములకు అమెరికా విపణిద్వారము తెరచుకొనెను. శిరశ్ఛేదమునకు గురియైన ఆన్ బొలీన్‌గా స్వల్పకాలము కనబడి పోయిన సుందరి మెర్ల్ ఒబెరాన్ మన బొంబాయిలో పుట్టి, కలకత్తాలో పెరిగిన యువతి. తన భారతీయ జన్మమును దాచి, టాస్మేనియాలో పుట్టితినని జీవితాంతము చెప్పుకొన్నది. రాణి వేషము వేయుటకై తన యింటిగుట్టును తాను దాచుకొనవలసివచ్చిన ఆ యువతి కథ, ఆ చిత్రకథకు ఏమాత్రమును తీసిపోదు.

హెన్రీ పక్షమున న్యాయస్థానమున కెక్కువారు లేరు. ఆ మరుసటి సంవత్సరమే, బ్రతికియున్నవారి జోలికి పోయినచో ఏమగునో చిత్రనిర్మాతలకు తెలిసివచ్చెను. ఆ వ్యాజ్యము రష్యా చక్రవర్తి కుటుంబమునకు సంబంధించినదైనను, తీర్పు లండనులో వెలువడుటచేతను, ఆంగ్లరాజకుటుంబమును తెరకెక్కింపదలచిన వారికందరికి అది హెచ్చరిక యగుటచేతను ఇచ్చట చెప్పకతప్పదు. 1932లో మెట్రో గోల్డ్విన్ మేయరు సంస్థ, బారీమోర్ కుటుంబమునకు చెందిన ముగ్గురు తోబుట్టువులను ఒక్కచోట చేర్చి ‘రాస్పుటిన్ అండ్ ది ఎంప్రెస్’ అను చిత్రమును తీసెను. అందు నటాషా యను రాకుమారి, చక్రవర్తి కుటుంబమునకు సన్నిహితుడైన సాధువు రాస్పుటినుచే చెరుపబడినట్లు సూచింపబడినది. 1916 డిసెంబరులో రాస్పుటినును తన భవనమునకు రప్పించి చంపిన ఫెలిక్స్ యూసుపోవ్ అప్పటికి పారిసులో ప్రవాసియై బ్రతుకుచుండెను. ఆతని భార్య ఇరీనా, చక్రవర్తి నికొలాసుకు మేనకోడలు. చిత్రమున రాస్పుటినును చంపిన రాకుమారునకు కల్పితనామమిడినను, లోకము ఆ పాత్రను ఫెలిక్సుగాను, ఆతడు వలచిన నటాషాను ఇరీనాగాను గుర్తించునని ఇరీనా లండను న్యాయస్థానమున పరువునష్టపు దావా వేసెను. 1934లో జ్యూరీ ఇరీనాకు 25,000 పౌనులు పరిహారముగ నిప్పించెను. అప్పీలు న్యాయస్థానము దానిని ధ్రువపరచుచు, చలనచిత్రమున కలిగిన పరువునష్టము నోటిమాటవంటిది కాక, అచ్చువేసిన గ్రంథమువలె నిలిచియుండు అపరాధమని నిర్ణయించెను. ఇందలి పాత్రలన్నియు కల్పితములు, సజీవులనుగాని మృతులనుగాని ఉద్దేశించినవి కావు అను ప్రకటన చలనచిత్రములయందు విరివిగా వ్యాపించినది ఈ తీర్పు తరువాతనే. మన తెలుగు చిత్రముల ఆరంభమున నేడు కనబడు ఆ వాక్యమునకు మూలపురుషుల నెంచినచో, అందు ఒక రష్యా రాకుమారికి స్థానమున్నది.

ఇక విక్టోరియా కథకు మరలుదము. 1936లో సింహాసనమెక్కిన ఎనిమిదవ ఎడ్వర్డు తన ముత్తవ్వను గూర్చిన నిషేధమును, ఆమె పట్టము గట్టుకొని నూరేండ్లు నిండు 1937 జూన్ నుండి సడలించుటకు సమ్మతించెను. 1937 జూన్ 21న హౌస్‌మన్ నాటకము లండనులోని లిరిక్ థియేటరున బహిరంగముగ ఆరంభమయ్యెను. అప్పటికి అనుమతి నొసగిన రాజు రాజు కాడు. విడాకులు పొందిన వాలిస్ సింప్సన్ అను అమెరికా స్త్రీకొరకై సింహాసనమును విడిచి, పరదేశమున ఆమెను వివాహమాడి యుండెను. ఆ సంవత్సరమే హెర్బర్ట్ విల్కాక్స్ తీసిన ‘విక్టోరియా ది గ్రేట్’ వెలువడెను; అన్నా నీగల్ రాణి, ఆంటన్ వాల్‌బ్రూక్ భర్తయైన ఆల్బర్టు. నలుపు తెలుపులతో నడచిన చిత్రము, రాణి పరిపాలనకు అరువదేండ్లు నిండిన వజ్రోత్సవ ఘట్టమునకు రాగానే టెక్నికలర్ వర్ణములతో వెలిగిపోవును. 1938లో అదే నిర్మాత అదే నటితో ‘సిక్స్‌టీ గ్లోరియస్ ఇయర్స్’ తీసినప్పుడు రాజభవనముల ద్వారములు ఛాయాగ్రాహకునకు తెరువబడెను; కథారచనలో పాలుగొన్నవాడు విదేశాంగశాఖయందు అత్యున్నతపదవులను నిర్వహించిన రాబర్ట్ వాన్సిటార్ట్. మూడేండ్ల క్రిందట అనుచితమనబడిన రాణిగారి కాపురము, సింహాసనత్యాగముచే సన్నగిల్లిన రాజగౌరవమును నిలబెట్టుటకును, యుద్ధము ముంచుకొనివచ్చుచున్న వేళ ప్రజలను ఒక్కత్రాటిపై నడుపుటకును ఇప్పుడు పనికివచ్చెను. అంతఃపురకథ అభ్యంతరకరమగుటయు ఆమోదయోగ్యమగుటయు, ఆ కథలోని సత్యాసత్యముల కంటె కాలావసరమును బట్టి నిర్ణయింపబడుచుండునని దీనివలన తేటపడుచున్నది.

ఆ రెండు చిత్రములలోని విక్టోరియా, ఆల్బర్టుకు భార్య. అనగా రాజగృహము సంతోషముతో ఒప్పుకొను విక్టోరియా. 1861లో ఆల్బర్టు మరణించిన పిమ్మట ఆమె గడపిన నలుబది యేండ్ల వైధవ్యమున ఇరువురు పరిచారకులు ఆమెకు అత్యంత సన్నిహితులైరి: స్కాట్లండు కొండసీమనుండి వచ్చిన జాన్ బ్రౌన్, మన ఆగ్రానుండి వెళ్ళిన అబ్దుల్ కరీమ్. 1883లో బ్రౌన్ మరణింపగా రాణి ఆతని జీవితకథను వ్రాసి ప్రకటింప సంకల్పించినది. విండ్సరు దేవాలయాధికారియైన రాండల్ డేవిడ్సన్ బతిమాలి ఆ ప్రయత్నమును మాన్పించెను. 1901 జనవరిలో ఆమె మరణించినప్పుడు, వైద్యుడు జేమ్స్ రీడ్ ఆమె యాజ్ఞానుసారము బ్రౌన్ ఛాయాపటమును, ఆతని తలవెండ్రుకలను ఆమె చేతనుంచి, కుటుంబమువారి కంటబడకుండ పూలతో కప్పెను. 1832లో బాలికగా నారంభించి మరణపర్యంతము వ్రాసిన ఆమె దినచర్యను, చిన్న కుమార్తె బియాట్రిస్ తల్లి ఆదేశము ననుసరించి, అభ్యంతరకరమని తనకు తోచిన భాగములను విడిచి 111 సంపుటములలో తిరుగవ్రాసి, మూలప్రతులను అగ్నికి ఆహుతి చేసెను. ఇక కరీము గతి ఇంకను దారుణము. 1887లో స్వర్ణోత్సవ సమయమున బల్లయొద్ద వడ్డనకై వచ్చి, రాణికి హిందుస్తానీ నేర్పు మున్షీయై, బిరుదములును భూములును పొందిన ఆ యువకుని, ఆమె మరణింపగానే ఏడవ ఎడ్వర్డు రాజు స్వదేశమునకు సాగనంపెను. ఆమె వ్రాసిన జాబులన్నిటిని ఆతని ఇంటనే అగ్గిపాలు చేయించెను. కరీము 1909లో ఆగ్రాలో మరణించెను.

ఇన్ని యగ్నులు మండించియు రాజగృహము సాధించినదేమి? 1997లో జాన్ మాడెన్ ‘మిసెస్ బ్రౌన్’ తీసెను. 2017లో స్టీఫెన్ ఫ్రియర్స్ ‘విక్టోరియా అండ్ అబ్దుల్’ తీసెను. ఇరువది యేండ్ల యెడముతో రెండింటను జూడీ డెంచ్ విక్టోరియాగా నటించెను. ఉత్తరములు మిగిలియున్నచో వానిలో ఏమున్నదో, బహుశః ఒక వృద్ధరాణి తనకు ప్రియమైన పరిచారకునకు వ్రాసిన క్షేమసమాచారములు తప్ప మరేమియు లేవేమో, లోకము చదివి మరచియుండెడిది. అవి కాలిపోవుటచే ఆ బూడిదనుండి ఎవరికి తోచిన కథ వారు నిర్మించుకొను అవకాశము కలిగెను. అయితే ఎంత జాగ్రత్తగ కాల్చినను ఏదో యొకటి మిగులుట చరిత్రకారుని అదృష్టము. రాణి స్వహస్తముతో ఉర్దూ అభ్యసించిన పుస్తకములు, ఆ లిపి ఎవరికిని చదువ రానందుననే కాబోలు, విండ్సరులో భద్రముగ నుండెను. శ్రాబణీ బసు అను రచయిత్రి వానిని పరిశీలించి, కరాచీలోనున్న కరీము బంధువులయొద్ద ఆతని దినచర్యను చదివి, ప్రకటించిన గ్రంథమే ఆ రెండవ చిత్రమునకు ఆధారము. పరదేశమున బంటుగా చేరి ఒక్కడై నిలిచిన ఆ మున్షీ హృదయము ఎట్టిదో చెప్పుటకు చిత్రము అంతగా శ్రద్ధ చూపలేదని నా అభిప్రాయము. రాణి ఒంటరితనమునకు లభించిన విస్తీర్ణము ఆతని ఒంటరితనమునకు లభింపలేదు.

ఎనిమిదవ ఎడ్వర్డు సింహాసనత్యాగము 1936 డిసెంబరు 11న జరిగెను. అమెరికా పత్రికలు నెలలతరబడి ఆ ప్రణయమును గూర్చి వ్రాయుచుండగా, ఆంగ్లపత్రికలు తమలో తాము చేసికొనిన ఒప్పందముచే డిసెంబరు ఆరంభమువరకు మౌనము వహించెను. అట్టి ఉదంతము ఆంగ్లేయుల యిండ్లలో నాటకరూపమున కనబడుటకు నలుబది రెండేండ్లు పట్టెను. 1978లో థేమ్స్ టెలివిజన్ వారు ఎడ్వర్డ్ ఫాక్స్ కథానాయకుడుగ ‘ఎడ్వర్డ్ అండ్ మిసెస్ సింప్సన్’ అను ఏడు భాగముల ధారావాహికను ప్రసారము చేసినప్పుడు, ఎడ్వర్డు గతించి ఆరేండ్లైనను, వాలిస్ పారిసులో రోగపీడితయై జీవించియే యుండెను. తన న్యాయవాది ద్వారా ఆమె తన నిరసనను లోకమునకు తెలియజేసెను. విక్టోరియా విషయమున వంశగౌరవమునకై విధింపబడిన నిషేధము, శయ్యాగతురాలైన ఈ వృద్ధురాలి విషయమున కనీసము కరుణగా నైనను వర్తింపలేదు. ఆమె రాజగృహమునకు వెలియైనది. వెలియైనవారి గుట్టును కాపాడు లార్డ్ ఛాంబర్లేన్ ఎవడును లేడు.

దీనికి సరిగా విపరీతమైన ఉదాహరణము ‘ద కింగ్స్ స్పీచ్’. డేవిడ్ సైడ్లర్ అను రచయిత బాల్యమున నత్తితో బాధపడెను. అట్టి బాధతోనే, ఎడ్వర్డు తరువాత రాజై, యుద్ధకాలమున రేడియోలో ప్రజలతో మాటలాడిన ఆరవ జార్జి ఆతనికి ఆదర్శపురుషుడు. రాజుకు వాక్చికిత్స చేసిన ఆస్ట్రేలియా దేశీయుడు లయొనెల్ లోగ్ కుమారుని సమీపించి తండ్రి వ్రాతలను అడుగగా, రాజు భార్య, అనగా రాజమాత, లిఖితపూర్వకముగ సమ్మతించినచో ఇచ్చెదనని ఆయన చెప్పెను. సైడ్లర్ జాబు వ్రాసెను. ఆ జ్ఞాపకములు తనకింకను దుఃఖకరములుగా నున్నవనియు, తాను జీవించియుండగా వలదనియు రాజమాత ప్రత్యుత్తరమిచ్చెను. ఆమె నూటయొక్క యేండ్ల వయస్సున 2002 మార్చిలో గతించు వరకు సైడ్లర్ వేచియుండెను. టామ్ హూపర్ దర్శకత్వమున 2010లో చిత్రము వెలువడి, ఉత్తమ చిత్రము, దర్శకుడు, నటుడు, స్వతంత్రరచన అను నాలుగు ఆస్కారు బహుమానములను గడించునప్పటికి రచయిత డెబ్బది మూడేండ్ల వృద్ధుడు. ఒక వృద్ధురాలి దుఃఖమును గౌరవించి ఒక రచయిత తన కలమును దశాబ్దములపాటు అదుపున నుంచుకొనుట ఈ చరిత్రలో అరుదైన సంఘటన. ఆ నిరీక్షణమువలన కథకు నష్టము కలుగకపోగా, ఈలోగా లోగ్ వ్రాతలు బయటపడి కథ మరింత బలపడెను.

అట్టి చిత్రము సైతము కాలమును, మనుష్యులను ఇటునటు జరపకపోలేదు. రాజు లోగును మొదట చేరినది 1926 అక్టోబరులో. మరుసటి మే నెలలో కాన్‌బెరా పార్లమెంటు భవన ప్రారంభోత్సవమున ఆతడు చెప్పుకోదగిన రీతిని ప్రసంగించెను. చిత్రమున ఈ చికిత్స 1930లకు జరుపబడి, 1939 సెప్టెంబరు 3నాటి యుద్ధప్రసంగముతో ముడిపెట్టబడినది. దీనిని నాటకధర్మముగ క్షమింపవచ్చును. కాని అందు విన్‌స్టన్ చర్చిల్ మొదటినుండి జార్జి పక్షమున నిలిచినట్లు చూపుట క్షమింపరానిది. ఏలయన 1936 డిసెంబరు 7న కామన్స్ సభలో ఎడ్వర్డు పక్షమున మాటలాడబోయి, సభ్యుల కేకలకు తాళలేక కూర్చుండిన చర్చిల్ వృత్తాంతము సభాకార్యక్రమముల గ్రంథమున అచ్చుపడియే యున్నది.

ఇంతవరకు బయటివారి ఛాయాగ్రహణమును గూర్చి చెప్పితిని. రాజగృహముకూడ తన చిత్రమును తాను తీయించుకొన్న సందర్భములు కలవు. 1953 జూన్ 2న రెండవ ఎలిజబెత్తు పట్టాభిషేకమును వెస్ట్‌మిన్‌స్టర్ దేవాలయమునుండి టెలివిజన్ ప్రసారము చేయగా, బ్రిటనులో రెండుకోట్లమంది చూచిరని అంచనా. పవిత్రతైలముతో రాణిని అభిషేకించిన ఘట్టమును మాత్రము ఛాయాయంత్రమునకు మరుగుపరచిరి. 1969 జూన్‌లో రిచర్డ్ కాస్టన్ దర్శకత్వమున వెలువడిన ‘రాయల్ ఫామిలీ’ అను వార్తాచిత్రము ఆ మరుగును చాలమట్టుకు తొలగించెను: బాల్మొరల్ ఉద్యానమున భర్త నిప్పులపై మాంసము కాల్చుట, రాణి అల్పాహారపు బల్లయొద్ద పిల్లలతో హాస్యమాడుట. రాచరికముయొక్క ఆకర్షణ దాని మార్మికతలోనే యున్నదనియు, దానిపై మిక్కిలి వెలుతురు ప్రసరింపనీయరాదనియు నూరేండ్ల క్రిందట బ్రిటిషు రాజ్యాంగమును వివరించిన వాల్టర్ బేజ్‌హట్ హెచ్చరించియే యుండెను. ప్రజలు ఆ చిత్రమును కోట్లకొలదిగ చూచిరి. ఆపై రాజగృహము దానిని తిరిగి బీరువాలోనుంచి తాళమువేసెను. దశాబ్దములపాటు అది పూర్తిగా ఎవరికిని లభ్యము కాలేదు. 2019లో ‘ద క్రౌన్’ అను ధారావాహిక ఆ వార్తాచిత్రనిర్మాణమునే ఒక కథగ మలచి లోకమునకు చూపెను. అసలు చిత్రము తాళములో, దానిని గూర్చిన కల్పన ప్రపంచములోని ప్రతి గదిలో! మూయబడిన గదిని నాటకకర్త ఆక్రమించునని మొదట చెప్పిన మాటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

ఆ ధారావాహిక కర్తయగు పీటర్ మోర్గన్, అంతకు ముందు ‘ద క్వీన్’ అను 2006నాటి చిత్రమునకు కథ నందించిన రచయిత. 1997 ఆగస్టు 31న రాకుమారుడు చార్లెసు పూర్వభార్య డయానా మరణించిన తరువాత, లండను వీథులు పూలతో నిండిపోవుచుండగా రాణి బాల్మొరలునుండి కదలక, సెప్టెంబరు 5న గాని టెలివిజన్‌లో ప్రజలతో మాటలాడని ఆ వారము దినముల కథ అది. హెలెన్ మిరెన్‌కు ఆస్కారు బహుమానము తెచ్చిన ఆ చిత్రమున, రాణి ఏకాంతమున ఒక దుప్పిని చూచి చలించిపోవు దృశ్యము పూర్తిగా కల్పితము. అయినను రాణి సజీవురాలై, సింహాసనస్థురాలై యుండగనే ఆమె యంతరంగమును ఒక నటి ముఖమున చదువుటకు లోకము సిద్ధపడెను. విక్టోరియాకు మరణానంతరము 36 ఏండ్ల మరుగు లభించెను. ఆమె మునిమనుమని కూతురునకు ఒక్క దినమైనను లభింపలేదు.

‘ద క్రౌన్’ 2016 నవంబరులో ఆరంభమై 2023 డిసెంబరువరకు ఆరు విడతలలో అరువది భాగములుగ నడచెను. ఆ కథ 1947 నవంబరు 20నాటి ఎలిజబెత్తు వివాహముతో మొదలగును. మన హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆ పెండ్లికి కానుకగ కార్టియే దుకాణమున రాకుమారి తనకు నచ్చిన నగలను ఎంచుకొనవచ్చునని కబురంపగా, ఆమె వజ్రహారము నొకదానిని కోరుకొనెను. ఆ హారము నేటికిని ఆ వంశమున నిజాము పేరనే పిలువబడుచున్నది. ఆ వివాహమైన తొమ్మిది దినములకు నిజాము భారతప్రభుత్వముతో యథాతథస్థితి ఒడంబడికపై సంతకము చేసెను. మరుసటి సెప్టెంబరుకు ఆతని రాజ్యము భారతదేశమున లీనమయ్యెను. లండనులో ఒక రాజగృహము పెండ్లిపీటల నుండగా, హైదరాబాదులో దానికి కానుకలంపిన రాజగృహము అస్తమించుచుండెను.

1966 అక్టోబరు 21న వేల్స్ దేశపు అబెర్‌ఫాన్ గ్రామమున బొగ్గుగనుల మట్టిదిబ్బ జారి పాఠశాలపై పడగా 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు మరణించిన ఉదంతమును చిత్రించిన భాగము ఆ ధారావాహికలో ఉత్తమమైనది. రాణి ఎనిమిది దినములకు గాని అచ్చటికి పోకపోవుట చరిత్ర. ఆ ఎనిమిది దినములు ఆమె మనస్సున ఏమి జరిగెనో నాటకకర్త ఊహించెను. ప్రధానమంత్రి వారమున కొకసారి రాణితో జరుపు సమావేశములకు లిఖిత నివేదిక లేదు. కావున ఆ గదిలోని ప్రతి వాక్యము మోర్గను సృష్టి. ఇందెవరికిని మోసము లేదు. అయితే కథ సమకాలమునకు చేరినకొలది చిక్కులు పెరిగెను. 2020లో డయానా వివాహజీవితమును చూపిన విడత వెలువడగానే, ఇది కల్పితమను ప్రకటన ముందుంచవలెనని బ్రిటిషు సాంస్కృతికశాఖామంత్రి ఆలివర్ డౌడెన్ నెట్‌ఫ్లిక్స్ సంస్థను కోరెను. 2022 అక్టోబరులో, విక్టోరియాగా రెండుసార్లు నటించిన జూడీ డెంచియే అదే కోరికతో ‘ద టైమ్స్’ పత్రికకు లేఖ వ్రాసెను. రాకుమారుడు చార్లెస్ తల్లిని సింహాసనమునుండి తప్పించు ఆలోచనను తనతో ముచ్చటించినట్లు చూపిన దృశ్యమును మాజీ ప్రధానమంత్రి జాన్ మేజర్ తీవ్రముగ ఖండించెను. దాదాపు తొమ్మిది దశాబ్దముల క్రిందట ఇరీనా న్యాయస్థానమునకెక్కి సాధించిన విషయమును, ఇప్పుడు మంత్రులు అభ్యర్థనగ వేడుకొనవలసివచ్చినది.

మన తెలుగువారికి ఈ వివాదము దూరపుదిగ తోచవచ్చును గాని, మన తెరపైకూడ ఒక రాజకుటుంబపు విషాదము వెలసియున్నది. శ్రీకృష్ణదేవరాయల ఆరేండ్ల కుమారుడు తిరుమలరాయడు మరణించుటయు, విషప్రయోగమను అనుమానమున మహామంత్రి తిమ్మరుసు కన్నులు పెరికించుటయు పోర్చుగీసు దేశీయుడు నూనిజ్ వ్రాసిన వృత్తాంతమున కలదు. 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వెలువడిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చిత్రమున గుమ్మడి తిమ్మరుసుగను, నందమూరి తారక రామారావు రాయలుగను నటించిరి. మంత్రి నిర్దోషియనియు, రాజు వంచితుడనియు ఆ చిత్రము నిర్ణయించెను. తెలుగుదేశమున కోటానుకోట్లకు అదియే చరిత్రయయ్యెను. దానిపై దావావేయు వారసుడు లేడు, ఖండించు మంత్రి లేడు, కల్పితమను ప్రకటనకై పోరాడిన నటి లేదు. సింహాసనము ఖాళీయైనప్పుడు నాటకకర్తకు స్వేచ్ఛ సంపూర్ణము. అందుచేతనే ఆతని బాధ్యత మరింత అధికము, ఏలయన అతనిని సరిదిద్దువారెవరును మిగిలియుండరు.

ఈ విస్తరమునంతటిని పరిశీలించి ఒక్క సూత్రము చెప్పుకొనవచ్చునని తోచుచున్నది. మూసిన గదిలో ఏమి మాటలాడుకొనిరో ఊహించు హక్కు కవికి అనాదిగ కలదు; తెరచిన సభలో పలికిన మాటలను, దస్త్రములలో నున్న తేదీలను తారుమారు చేయు హక్కు మాత్రము లేదు. ఈ కొలతతో కొలిచినచో అబెర్‌ఫాన్ నాటి రాణి అంతరంగము న్యాయసమ్మతము, కామన్స్ సభలోని చర్చిల్ పక్షము మార్చుట అన్యాయము, బ్రతికియున్న ఇరీనాకు జరుగని మానభంగమును అంటగట్టుట అపరాధము. ఇక ఆ గదులను మూసిన రాజగృహముకూడ ఈ వ్యవహారమున నిర్దోషి కాదు. దినచర్యను తిరుగవ్రాయించి, జాబులను కాల్చి, తానే తీయించుకొన్న చిత్రమునకు తాళమువేసిన పిమ్మట, లోకము కల్పనను నమ్ముచున్నదని వాపోవుట ఏమి న్యాయము? సత్యమును దాచినవాడే అసత్యమునకు చోటిచ్చినవాడు.

వచ్చు సంచికలో మరల రష్యాకు పోదము. చక్రవర్తి కుమార్తె అనస్తాసియా బ్రతికియున్నదను పుకారు, ఆమెయే నేనని వచ్చిన అన్నా ఆండర్సన్ అను స్త్రీ, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కు ఆస్కారు తెచ్చిన 1956నాటి చిత్రము, దశాబ్దముల తరువాత ఎముకల పరీక్షచే తేలిన నిజము, ఆ ప్రకరణమున చర్చనీయాంశములు.